రెండుసార్లన్న మాట

చీమకుర్తిలో వేబ్రిడ్జి దాటాక
మీరావలి కంప్రెసర్ల షెడ్డు.
గోడకి గ్రీజు గుడ్డలు, వాటి కింద
పదకొండు నల్ల ప్లేట్లు.
రాయి కొనడానికొచ్చిన దొరొకడు
రేటు పడిపోయిన ఏడు
అద్దె గదిలోనే వదిలేసి పోతే
పాత ఇనుము తూకంలో ఈయన చేతికొచ్చాయి,
రెండు బేరింగుల ఖరీదుకి, ఆడించే పెట్టెతో సహా.

అట్టలు చెదలు తిన్నాయి.
ఎవరు పాడారో, ఏ ఊరోళ్లో చెదలకే తెలియాలి.
ఒక్క అట్ట మీద ఒక్క మాట మిగిలింది.
కూడబలుక్కుని చదివాడు మీరావలి: బ్లూస్.
"అంటే నీలాలు."
"తలనీలాలా?" అన్నాడు మా నాయన.
షెడ్డంతా నవ్వింది.
విన్నాక మాత్రం తల తడుముకున్నాడు,
కాస్త బరువు దిగినట్టు.

వినాలంటే ముందు గుడ్డాయన ప్లేటు విను.
గుడ్డాయనో కాదో మాకేం తెలుసు,
కళ్లు మూసుకుని పాడినట్టుంటుంది, అంతే.
ఒక గిటారు. ఒక గొంతు. నేల మీద కాలి తాళం.
ఒక మాట అంటాడు.
అదే మాట మళ్లీ అంటాడు.
మూడోసారి ఇంకేదో అని పక్కకి తిరుగుతాడు.
"ఎందుకట్టా?" అనడిగా, పదకొండేళ్లు నాకప్పుడు.
చెవుల్లో దూది తీస్తా చెప్పాడు నాయన,
"రెండుసార్లంటేగాని మేస్త్రీకి వినపడదురా.
మూడోది మేస్త్రీకి కాదు."

శనివారం కూలి డబ్బులొస్తే బాకాల ప్లేటు.
పెళ్లి బ్యాండుమేళం కల్లు తాగి దారి తప్పి
మళ్లీ పెళ్లికూతురింటికే వచ్చినట్టుంటుంది.
పొక్లెయిన్ చెంచురామయ్య
స్పానరుతో డీజిల్ డ్రమ్ము మీద కొట్టేవాడు,
ఒక దెబ్బ వెనగ్గా. ఎప్పుడూ ఒక దెబ్బ వెనగ్గా.
తప్పు కొడతన్నాడనుకున్నాం.
తర్వాత్తర్వాత ఆ వెనక దెబ్బ లేకపోతే
నడక కూడా చప్పగా ఉండేది.

రాత్రికి మాణిక్యమ్మ ప్లేటు.
మాణిక్యమ్మంటే క్వారీ గేటు దగ్గర దోసెలు పోసే ఆమె.
బాకీ అడిగేటప్పటి ఆమె గొంతే ప్లేటులోనూ:
బతిమాలదు, తిట్టదు,
ఇచ్చేదాకా ఎదురుగా నిలబడుతుంది.
ఓసారి పిలిచి వినిపిస్తే
గరిటె పట్టుకునే కాసేపు నిలబడి
"పాపం, ఈమెకెవరు ఎగ్గొట్టారు?" అంది.

బల్బు కింద ప్లేటు తిరుగుతుంటే
దాని మీద వాలిన మా రాతిదుమ్ము మెరిసేది.
పాలిష్ పట్టిన గెలాక్సీ పలకే,
నల్లటి మీద సన్నటి చుక్కలు.

పెట్టె బెల్టు తెగిన రోజు
మీరావలి ఏదో టేపురికార్డరు బెల్టు తగిలించాడు.
అప్పట్నించి అందరూ నిదానంగా పాడారు,
మధ్యాన్నం ఎండలో గుంతలోంచి
పైకెక్కే మనుషుల్లాగా.
అదే వాళ్ల నడకనుకున్నాం.

మొన్న ఒంగోల్లో, కర్నూలు రోడ్డు మీద
సెల్‌ఫోన్ల కొట్లో
ఓ కుర్రాడి చెవితీగల్లో గుడ్డాయన దొరికాడు.
పేరుంది, ఊరుంది, పుట్టిన ఏడుంది.
సరైన స్పీడు కూడా ఉంది.
సగంలో తీగ పీకి ఇచ్చేశా.
అంత తొందరేంది ఆయనకి?
బస్సేమన్నా పోతుందా?

నాయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లిందీ
ఆ రోడ్డునే, అప్పట్లో.
ఎక్స్‌రే కిటికీకి పట్టి చూపించాడు డాక్టరు.
నల్లటి మీద సన్నటి చుక్కలు.
"మా క్వారీ సరుకే" అన్నాడు నాయన.
డాక్టరు తలెత్తకుండా రాసుకుంటున్నాడు.
దగ్గి, ఊపిరి కూడగట్టుకుని
"మా క్వారీ సరుకేనయ్యా" అన్నాడు మళ్లీ.
తర్వాత నా వైపు తిరిగాడు.
"అబ్బయ్యా,
బెల్టు మార్చొద్దని చెప్పు మీరావలికి."