పోయే మెయిలు

ఆఫీసులో వైరు నెట్టు,
క్వారీ గుంత కాడ ఫోన్ నెట్టు.
వచ్చే మెయిళ్ళు వస్తానే ఉండాయి;
పోవాల్సిన ఇన్‌వాయిసు మాత్రం
కాటా మీద ఆపిన లారీ మాదిరి
అవుట్‌బాక్సులో కదలదు.

మాల్యాద్రి కీబోర్డు మీది రాతిపిండి ఊదాడు.
"ఈ సర్వరు ఆఫీసు వైరుకే చుట్టం, అక్కా.
వేరే దారిన వస్తే మొహం చూడదు."
పాతిక చెరిపి
ఐదొందల ఎనభై ఏడు కొట్టాడు.
పేరు నింపి,
పాస్‌వర్డ్ నన్నే కొట్టమని
అటు తిరిగి నిలబడ్డాడు,
చీమకుర్తి నల్లరాళ్ళను లెక్కపెడతా.

ఇక ఏ దారిన వచ్చావని అడగదంట,
ఎవరివో చెప్తే చాలంట.

పొదిలి నించి వచ్చి అద్దెగది వెతికిన రోజు
"ఎవరి తాలూకు?" అన్నారు నాలుగిళ్ళ వాళ్ళు.
నా పేరు ఎవరూ అడగలేదు.

గుంతలో బ్లాస్టింగ్ సైరను.
పొగ లేచేలోగా మెయిలు పోయింది.