కుడి అంచు

ఔలులో మధ్యాహ్నం మూడింటికే పొద్దుగూకింది.
ఇప్పుడు రాత్రి రెండు.
ఆ చీకటే ఇంకా అరగలేదు.

గాజు పలక మీద ఒక దీవి,
ఉప్పురవ్వంత కూడా లేదు.
కాగితం మీద: స్త్రీ, యాభై మూడేళ్లు, కయానీ ఊరు.
అంతకు మించి నాకు చెప్పరు.
ఆవిడ కాఫీలో చక్కెర వేసుకునేదో లేదో
ఈ కణాలకి తెలుసు.

పాలపళ్ల కాలంలో ఇవీ పెరిగాయట,
ఒకటి రెండై, రెండు నాలుగై.
ఆ తర్వాత ఎవరో లోపలినుంచి గడియ పెట్టారు.
అప్పట్నుంచీ వడ్డనే పని.
ప్రతి ముద్దకీ ఇన్సులిన్ వడ్డించడం,
విస్తరి ఎత్తేదాకా నిలబడటం.

బుధవారం వాటికి కబురు పంపాం.
పెరగమని కాదు, ఆ మాట ఎన్నిసార్లన్నా వినవు.
పెరగొద్దని చెవిలో పోరే ఒకదాని
నోరు మూయించే అణువు,
పైపెట్‌తో నాలుగు చుక్కలు.
ఎలుకల్లో పనిచేసిందంటుంది సినిక్కా.
ఎలుకల్లో ఏది పనిచెయ్యదు గనక.

ఎరుపంటే ఇన్సులిన్.
పచ్చచుక్కంటే రెండుగా చీలబోతున్న కణం.
రెండూ ఒకే ఇంట్లో కాపురం ఉంటేనే లెక్క.
ఒక పచ్చ కనబడి ఒళ్లు ఝల్లుమంది.
చుట్టూ ఎరుపు లేదు.
ఎవరో పక్కింటివాళ్లు.

ఫోన్ మోగింది.
ఒయివా చక్కెర మూడు పాయింట్ ఒకటి, బాణం కిందికి.
తర్మోని లేపాను.
"లింగన్‌బెర్రీ రసం, సగం గ్లాసు, వాణ్ణి కూర్చోబెట్టి."
అడుగుల చప్పుడు, ఫ్రిజ్ తలుపు,
వాడి గొణుగుడు.
ఏడేళ్లవాడి కడుపులో దీవుల్ని
వాడి సొంత కాపలావాళ్లే ముంచేశారు.

రసం ఒంటబట్టడానికి పావుగంట.
అంతసేపూ చూపు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా,
లెన్సులో పెట్టాను.

ఉంది.
ఎర్రటి కణం, లోపల రెండు పచ్చలు,
ఒకే దుప్పటి కింద అలిగి
చెరోవైపు తిరిగి పడుకున్న అక్కాచెల్లెళ్లలా.

గడికి కుడి గీత మీద ఉంది.

ఎడమ గీత తాకితే లెక్క, పై గీతైనా లెక్క.
కుడిదీ కిందిదీ రావు.
పక్క గడిలో ఎంచొచ్చు గానీ
మిషన్ చీటీలు తీసినప్పుడు
ఆ గడి నా వంతుకి పడలేదు.

మర వేలికిందే ఉంది.
వెంట్రుకవాసి తిప్పితే చాలు.
ఎవరూ లేరు.

సున్నా రాశాను.

ఈ రంగులకో గుణం ఉంది,
వెలుగులో చూసినకొద్దీ వెలిసిపోతాయి.
తెలిసీ చూస్తూ కూర్చున్నాను,
చూడాల్సినదానికన్నా ఎక్కువసేపే.
ఆ పచ్చ గడ్డిపరకై,
గడ్డిపరక నీడై.

నాలుగు పాయింట్ ఆరు. బాణం అడ్డంగా.
"పడుకున్నాడు," అన్నాడు తర్మో.

తర్వాతి గడి.