అవిసె నార

విరూర్‌ల గేటు పడ్డది.
లైన్ క్లియర్ అయ్యిందట, గూడ్సు బండి ఇంకా జాడ లేదు.
ఎండల బండి ఆపుకొని లెక్కవెట్టుకున్న
ఈ ఒక్క మాట మా ఇంట్ల ఎన్ని కొలువులు చేస్తదో.

మా నాయన లైన్‌మన్.
వానల స్తంభమెక్కి
"లైన్ బందయిందా?" అని
కిందికి మూడుసార్లు అడిగేటోడు.
ఒక ఆషాఢంల రెండుసార్లే అడిగిండు.

అమ్మ కంట్రోలు దుకాణం కాడ లైన్ల ఉంటది.
అంటే, ఆమె సంచి ఉంటది.
ఆమె చాయ్ హోటల్ నీడల కూసుంటది.

మా అక్క ఎల్లుబాయికి ఇంటర్ల లైనేసిన పిలగాడే
ఇప్పుడు మా బావ.
ఆ మాట ఎత్తితే ఇద్దరు పిల్లల తల్లి
కొంగు అడ్డం పెట్టుకుంటది.

నేను మాత్రం మొదలు భయపడ్డ.
ఒకటో తరగతిల మరాఠీ సారు
"రాంగలో నిలవడు" అన్నడు.
ఇంగ్లీషు సారు పలక మీద రాంగ్ అంటే తప్పాయె.
ఏం తప్పు చేసిన్నో తెల్వక
ఆ లైన్లనే ఏడ్చిన.

ఇంకోటున్నది, కండ్లకు కనవడది.
మా చేను నడుమలకెల్లి పోతదంటరు.
మేకలకు తెల్వది, వానకు తెల్వది.
ఎలక్షన్లొస్తే రెండు దిక్కులకెల్లి జీపులొచ్చి
అదుగో అదుగో అని చూపెడ్తయి.

నిన్న పరీక్ష కాయితాలు దిద్దుకుంట
అట్ట ఊడిన నిఘంటువు తిరగేసిన.
లైన్ పుట్టిల్లు ఎక్కడో కాదు, అవిసె చేనట.
లాటినోళ్లు అవిసె నార పేని దారం తీసి
వడ్లాయన సుద్దతాడు కొట్టినట్టు
తిన్నగ గుంజి పట్టిన్రట.
దారం పోయింది, గీత మిగిలింది.

అవిసె!
మా అమ్మ జవస అంటది.
ఎల్లిపాయేసి రోట్ల నూరి
జొన్నరొట్టె మీద పెడ్తది.
నార సంగతి మాకెవ్వరు చెప్పలే,
మేం గింజ తిని కట్టె పొయ్యిల పెట్టినం.
కనవడని ఆ గీతకు ఈ పక్క, ఆ పక్క
పుష్యంల ఒక్కతీరుగ పూస్తది,
పొద్దుగాల నీలం.
పొద్దెక్కితే రాలిపోతది, 
ఏ పక్క రాలిందో ఎవడు రాసుకుంటడు?

జేబుల ఫోను మోగింది. అమ్మ.
గూడ్సు చప్పుడుల ఏం వినవడ్తలేదు.
"లైన్ల ఉన్నవా బిడ్డా?" అంటది,
మళ్ల అంటది.
మూడోసారి అడగకముందే
గట్టిగ ఒర్రిన,
ఉన్ననే, ఉన్న,
ఇంకా గేటు తియ్యలే.