పది నిమిషాల ఇంజను

సరిగ్గా పది నిమిషాలు.
ఆ తర్వాత పొలమారినట్టు రెండుసార్లు దగ్గి
మ్ఫంగానో దీవికీ మా ఒడ్డుకీ నడుమ
నడినీళ్లలో ఆగిపోతుంది
ఒగ్వేనో ఇంజను.

పదిహేను గుర్రాల బలమని మూత మీద రాసుంది.
అందులో ఎన్ని గుర్రాలు బతికున్నాయో ఎవరికెరుక.
నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది.

"ఇదంతా నా బావమరిది నిర్వాకం," అంటాడు ఒగ్వేనో.
యాభై పాళ్ల పెట్రోలుకి ఒక పాలు నూనె కలపాల్సింది,
ఒబుయా ఆ రోజు కళ్లు మూసుకుని గుమ్మరించాడట.
ఆ ఒక్క మాట మీద ఇద్దరికీ మాటల్లేక
రెండు అమావాస్యలు.
ఒమేనా చేప దీపానికొచ్చేది ఆ చీకట్లలోనే.
సరస్సు నిండా ఎవరెవరి దీపాలో తేలుతుంటే
మేం తెడ్లతో ఇంటికి.

అపొండి వింటున్నట్టు తల ఊపుతుంది, అంతే.
అరిగిన టైరు మీద కూర్చుని, ప్లగ్గు విప్పి
వైద్యుడు నాలుక చూసినట్టు చూసింది.
నూనె ఎక్కువైతే నల్లగా, జిడ్డుగా ఉండాలి.
ఇది పొడిగా ఉంది, బూడిద తెలుపు.
"తాగి చస్తున్నది కాదిది," అంది,
"దాహంతో చస్తోంది."

ఒగ్వేనో వినలేదు. లేదా విననట్టున్నాడు.

ట్యాంకు మూత మీది గాలిమర తెరిచే ఉంది.
పెట్రోలు సీసాలో పోసి పొద్దున్నదాకా ఉంచాం,
అడుగున నీటిచుక్క లేదు.
కార్బురేటరు విప్పి, సూది మొనంత రంధ్రంలోంచి
అపొండి సూర్యుణ్ణి చూసింది, నాకూ చూపించింది.
పక్కనుంచి చల్లనీటి ధార
చంటిపిల్లాడి ఉచ్చలా చక్కగానే పడుతోంది.
అన్నీ బాగానే ఉన్నాయి.
అన్నీ బాగానే ఉన్న ఇంజను
మూడోరోజు కూడా పదో నిమిషంలో దగ్గింది.

నా పని ఒక్కటే.
పైపు నడుమనున్న రబ్బరు ఉండని
బయల్దేరే ముందు గట్టిపడేదాకా నొక్కడం.
ఆ సాయంత్రం గాలి లేచింది, అలలు లేచాయి,
దగ్గు వినగానే భయమేసి నొక్కాను.
బతికింది.
నొక్కుతూనే ఉన్నాను, బతుకుతూనే ఉంది.
వేళ్లు తిమ్మిరెక్కి వదిలాను,
చచ్చింది.

అపొండి మొదటిసారి ఇంజన్ని వదిలి నా చేతివైపు చూసింది.
"మళ్లీ నొక్కు."

ఒడ్డున పైపు నిలువునా కోసింది.
పైన ఒక్క పగులు లేదు, కొత్తదానిలా నిగనిగ.
లోపలి పొర మాత్రం
పాము కుబుసంలా ఊడి వేలాడుతోంది.
పైన పటారం, లోన లొటారం.
ఊరికే ఉన్నప్పుడు తెరుచుకునే ఉంటుంది,
ఇంజను పీల్చిందా, ముడుచుకుంటుంది.
ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా.

"ఎవరు కొన్నారిది?"

ఒగ్వేనో చాలాసేపు వల చిక్కులు తీశాడు.
ఆ వలలో చిక్కుల్లేవు.
"ఎంబీటా సంతలో," అన్నాడు. "బేరమాడి,
నేనే."

కొత్త పైపు, రెండు బిగింపులు.
పది దాటింది. పదకొండు. నలభై.
నేను లెక్క మానేశాను.
ఒగ్వేనో వలవేసే చోటు దాటిపోయాడు,
మలుపు తిరిగాడు, ఒబుయా పడవలు కట్టే రేవుకి
రాయి విసిరేంత దూరంలో
తన చేత్తోనే ఇంజను ఆపేశాడు.

"ఒబుయా! మళ్లీ ఆగిపోయిందిరా, కాస్త చూడు!"

ఒబుయా గట్టు మీద కాసేపు నిలబడ్డాడు.
తర్వాత లుంగీ ఎగ్గట్టి, నడుముల్లోతు నీళ్లలోకొచ్చి,
మా ఇద్దరి మొహాలూ చూడకుండా తాడు లాగాడు.
ఒక్క లాగుకే అందుకుంది.
అంత తేలిగ్గా అందుకునే ఇంజను
ఎందుకాగిందని అతను అడగలేదు.

నేను తల దించుకుని
అవసరం లేకపోయినా
రబ్బరు ఉండ నొక్కుతూ కూర్చున్నాను.