ఏ కుళ్లాయప్ప

అనంతపురం హాస్టల్లో
మా వరండాకి ఇద్దరం కుళ్లాయప్పలం.
వాడు బోయ, నేను దూదేకుల.
మా అమ్మలిద్దరూ గూగూడులో
ఒకే పీరుకు మొక్కుకొని కన్నారు మమ్మల్ని.

సీనియర్లు కొత్తోళ్లని గ్యాంగులో కలుపుకునే రాత్రి
వరసగా బొట్టు పెట్టుకుంటా వచ్చిన వేలు
నా నుదుటి ముందర ఆగిపాయ.
"నువ్వు ఏ కుళ్లాయప్పవిరా?"

మొన్న రంజాన్ గంజి కాడ
ఉర్దూ రాదని నవ్విరి.
ఈడేమో వచ్చునేమోనని అనుమానం.

వాడు లేచినాడు.
మోచేత్తో బొట్టు తుడుచుకొని
నా పక్కన కూచున్నాడు.
"ఇప్పుడు చెప్పన్నా, నేను ఏ కుళ్లాయప్పని?"

ఎవరూ ఏమీ తేల్చలేదు. కరెంటు పోయింది.

పొద్దున మెస్సులో ఉగ్గాని.
వాని కనుబొమ్మ మీద
ఎర్రమరక ఇంకా సగముంది.
చెప్పల్లా వద్దా అనుకుంటానే
బజ్జీ కొరికినా.
భలే కారం.