త్రేన్చకూడదు

సహకార సంఘం గోదాము ముందు
పరీక్షల బస్సు ఆగి ఉంది, ఏటా ఆగేచోటే.
మెట్ల మీద మంచు తోసి రబ్బరు పట్టా పరిచారు.
రాత్రి తొమ్మిది నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.
నా ముందు కత్సుహిరో, మా ఊరికి ఉత్తరాలు తెచ్చే మనిషి,
యాభై దాటినా సూదంటే వణుకు.
"సూది లేదులే హత్సుయే గారూ, ఒట్టి తెల్లమందే" అని
నాకు చెబుతున్నట్టు తనకు చెప్పుకున్నాడు.

ముందు నురగ గుళికలు.
గుక్కెడు నీళ్ళతో మింగగానే
పులిసిన పీపాలా కడుపు
లోపలి నుంచి మూత తన్నుతుంది.
ఆ తర్వాత గ్లాసుడు బేరియం,
స్ట్రాబెరీ వాసన కొట్టే సున్నం.
"త్రేన్చకండి" అంది గోడలోని మైకు.
"ఎంత వచ్చినా త్రేన్చకండి."

బల్ల వాలింది. తల కిందికి, కాళ్ళు పైకి.
"కుడివైపు రెండు చుట్లు దొర్లండి.
అటు కాదమ్మా, అవతలి కుడి."
ముల్లంగిని ఉప్పులో దొర్లించీ దొర్లించీ
అరవై ఏడేళ్ళు వచ్చాయి.
ఇప్పుడు నన్నెవరో దొర్లిస్తున్నారు,
లోపలంతా సమంగా అంటాలని.
"ఊపిరి బిగబట్టండి."
బిగబట్టాను. పొగగదిలో రోజూ చేసే పనే.

గులాబీరంగు మాత్రలు రెండిచ్చి పంపారు.
మర్నాడు మరుగుదొడ్డిలో పడింది సుద్దముక్క.
నవ్వొచ్చింది.
నాలుగో తరగతి చదువు మొత్తం
ఇన్నాళ్ళకు బయటికొచ్చిందనుకున్నాను.

మూడు వారాలకు కవరు.
కత్సుహిరోది పలచగా ఉందట. నాది మందం.
వాడికి తూచకుండానే తెలుస్తుంది.
చేతికిచ్చి, వాన పడేట్టుందండీ అన్నాడు,
మోకాలి లోతు మంచులో నిలబడి.

యొకోతే ఆసుపత్రిలో డాక్టర్ ఇనాబా, చిన్నపిల్ల.
"ఏం పని చేస్తారు?"
ముల్లంగికి పొగబెట్టి ఊరేస్తాను.
"రుచి చూస్తారా?"
చూడకపోతే ఎలా తెలుస్తుంది?
"రోజుకి ఎన్నిసార్లు?"
లెక్కపెట్టాను. మధ్యలో ఆపేశాను.
"చిన్నప్పుడు నూతినీళ్ళు తాగారా?"
ఇంటి వెనక నుయ్యి గుర్తొచ్చింది,
ఎండాకాలం పుచ్చకాయని తాడు కట్టి దింపేవాళ్ళం.
ఆ నీళ్ళలోంచి వచ్చిన పురుగొకటి
అరవై ఏళ్ళుగా నాలో కాపురముంటోందేమోనట,
అద్దె లేదు, అలికిడి లేదు.
ఇన్నేళ్ళు అంటిపెట్టుకున్న చుట్టం
నాకు ఇంకొకరు లేరు.

గొంతు మొద్దుబారే మందు కొట్టారు.
ఎడమకి ఒత్తిగిలమన్నారు.
పళ్ళ మధ్య ప్లాస్టిక్ బిళ్ళ, దాంట్లోంచి నల్లగొట్టం.
కళ్ళనీ ముక్కునీ నోటినీ ఒకేసారి నీళ్ళు.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
నాది చించకుండానే తెర మీద పడింది.

అంత గులాబీగా ఉంటుందనుకోలేదు.
తడిగా, ముడతలు ముడతలుగా,
ఎవరూ లేని గదిలో ఎవరో దీపం మర్చిపోయినట్టు.
ఒక మూల మాత్రం పాలిపోయి ఉంది,
మరీ ఎక్కువరోజులు ఊరిన ముక్కలా.
డాక్టర్ అక్కడ ఆగింది. ఏమీ అనలేదు.
చిన్న పట్టకారు నోరు తెరిచి, మూసింది.
నొప్పి లేదు.
అందుకే భయమేసింది.

అంతసేపూ నా వెనక ఒక నర్సు,
ముఖం కూడా చూడలేదు,
వీపు రాస్తూనే ఉంది పైనుంచి కిందికి,
తోలు గీరుకోకుండా ముల్లంగి కడిగినట్టు.
గొట్టం తీసేస్తున్నామన్నప్పుడు
ఇంకాసేపు ఉంచితే ఏం పోయిందనిపించింది.

ఫలితం రెండు వారాల తర్వాత.

ఈ సాయంత్రం పీపా తెరిచాను.
ముక్క కోసి, అలవాటుగా నోటిదాకా తెచ్చి
పనికుర్రాడు తైచి చేతిలో పెట్టాను.
నమిలాడు. చాలాసేపు నమిలాడు.
"ఉప్పు ఎక్కువండీ."
నలభై ఏళ్ళలో ఒక్కరూ అనని మాట.
ఎంత ఎక్కువ? అన్నాను.
వాడు చిటికె చూపించలేదు, పిడికిలి చూపించాడు.

కోపం రావాలి. రాలేదు.
వంగి పొయ్యిలో చెర్రీ కట్టెలు సర్దుతుంటే
ఆ రోజు బస్సులో దాచుకున్నదో
ఇవాళ్టిదో తెలీదు గానీ
పొడుగ్గా, మొహమాటం లేకుండా
త్రేన్పు వచ్చింది.
తైచి అటు తిరిగి కట్టెలు లెక్కపెట్టాడు.