ఒక్క బూటు

ప్రతి మంగళవారం వస్తాను.
బస్సు దిగగానే గలీసియా గాలి, వాన అనలేని వాన.
సంచిలో బీపీ మిషను, మాత్రల పట్టిక,
ఆస్పత్రి ఇచ్చిన పదహారు ప్రశ్నల కాగితం.

ఒబ్దూలియా తలుపు తీయదు, తెరిచే ఉంచుతుంది.
నలభై ఏళ్లు మోకాటిలోతు నీళ్లలో వంగి
పళ్లపారతో ఇసుకను దువ్వి గుల్లలు ఏరిన మనిషి.
"నాకేమీ కాలేదు" అంటుంది ముందుగా.
"ఆ రోజు దవడ నొప్పి. పన్ను అనుకున్నాను.
బుట్ట నింపుకునే ఇంటికొచ్చాను."

పొద్దుటి మాత్రలు తెల్ల చిప్పలో,
రాత్రివి ఊదా చిప్పలో.
నేనిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో గుండీలు దాచింది.
సరేనన్నాను. లెక్క తప్పలేదు మరి.

ఉప్పు తగ్గించమంటే
పెదవులు నాలుకతో తడిపి అడిగింది:
"గాలి తెచ్చి పెట్టే ఉప్పో?"
నా కాగితంలో దానికి గడి లేదు.

పద్నాలుగో ప్రశ్న. నిద్ర పడుతోందా?
"ఆఁ" అంది.
తమ్ముడు అమారో పొయ్యి వైపు తిరిగి దగ్గాడు.
అప్పుడు చూశాను,
కుర్చీలో దుప్పటి, తలగడ,
ఆమె కాళ్లకి తాళ్లు బిగించిన బూట్లు.
"రాత్రి మళ్లీ వస్తేనో..." గొంతు తగ్గించింది.
"క్రితంసారి వట్టి కాళ్లతో మోసుకెళ్లారు.
ఊరంతా నా మడమలు చూసింది."

భయపడకు అనలేదు నేను.
ఆ మాట అనడానికి వీధినిండా జనం ఉన్నారు.
ఆమె వేళ్లనే ఆమె మణికట్టు మీద పెట్టాను.
వెతికింది, ఇసుకలో గుల్లను వెతికినట్టే,
చూపు ఎటో పెట్టి.
"ఇదిగో, దొరికింది."
ఇద్దరం కలిసి డెబ్బై రెండు దాకా లెక్కపెట్టాం.

పోటు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, అన్నాను.
"సముద్రానిది వేళకొస్తుంది. దీనికి పంచాంగం లేదుగా."
లేదు.
అందుకే ఎమర్జెన్సీ నంబరు గోడ మీద పెద్ద అంకెల్లో రాశాను.
పన్ను నొప్పి అనిపించినా ముందు ఫోన్ చెయ్, అన్నాను అమారోతో.

లేస్తూ చెప్పాను:
ఈ రాత్రికి ఒక్క బూటు విప్పు.
రెండోది నీ ఇష్టం.

తర్వాతి మంగళవారం కుర్చీ కింద ఒకటుంది. ఎడమది.
ఆ పై వారం తుఫాను, ఫోన్లోనే మాట్లాడాం.
రేవులో మూడో పడవ దాకా నడిచానంది.
రెండో పడవే, అని వెనకనుంచి అమారో.

నిన్న వెళ్తే తలుపు తెరిచే ఉంది.
కుర్చీ ఖాళీ. మంచం ఖాళీ.
బీపీ మిషను అక్కడే పడేసి పరిగెత్తాను.

రేవు మెట్ల మీద రెండు బూట్లు.
ఆటుకి బయటపడ్డ తడి నేల మీద
పార లేదు, బుట్ట లేదు,
ఊరంతా చూసేలా మడమలు.
నన్ను చూసి చెయ్యెత్తి అరిచింది:
"నర్సూ, మూడోది దాటాను, రాసుకో!"